జోండీల వాకిట్లో మేక జరిమానా

కిందటివారం మనం ముగ్గురు మనుషుల్ని ఒక గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వాళ్ల కాళ్లు లాగుతుంటాయి. ముందు వాళ్ల దగ్గరికే వెళ్దాం.

ఎంపుముజా గుట్టమీద గిడియన్ జోండి ఇల్లు, నీలం రంగు ఇనప గేటు. గేటు బయట మాజుంగు, ఆమెకి కుడిపక్క చార్మేన్, ఎడంపక్క దర్జీ ఆల్ఫియస్. ముగ్గురూ తెల్లారగట్ల డర్బన్ వైపు ఉమ్లాజి నించి బయల్దేరి వచ్చారు. ముగ్గురూ ‘ఉముజి’ మనుషులు. ప్రభుత్వం కాగితాల్లో ఆ సంఘానికి మూరెడు పేరుంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లెవరూ లేరు. ఆడపిల్లకి మనసిచ్చిందని గెంటేసిన ఆడపిల్లలు, మగవాణ్ణి ప్రేమించాడని తన్ని తగిలేసిన మగపిల్లలు, పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒంటికి నప్పక వేరే పేరు పెట్టుకున్నవాళ్లు, మొగుడి దెబ్బలు తిని చంకలో బిడ్డతో సరిహద్దులు దాటి వచ్చిన కాంగో తల్లులు, అందరికీ ఇరవై ఏడేళ్లుగా అన్నం పెడుతున్న నాలుగు గదుల ఇల్లు అది. అందుకని ఇల్లు అనే అంటారు. వాళ్ల భాషలో ఇంటినే ఉముజి అంటారు.

వచ్చిన పనేమిటో గుర్తుందిగా? ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు పెరిగిన తబిలే కోసం, జోండీల పిల్ల సినెగుగుని అడగడం. పెళ్లికి ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది, ఆఫీసుకెళ్లి ఇద్దరూ సంతకాలు పెడితే సాయంత్రానికి అయిపోతుంది. కానీ సినెగుగు ఒక్కటే మాట మీద కూర్చుంది. “నన్ను మా వాకిట్లో చాపేసి అడగాలి. అడగని పిల్లలా నేను గేటు దాటను” అంది.

అడగాలంటే వచ్చినవాళ్లు గేటు ముందు నిలబడి ముందు పిల్ల తరఫువాళ్ల వంశాన్ని నోరారా పొగడాలి. తర్వాత తాము ఏ వంశం వాళ్లో ఊరంతా వినేలా చెప్పాలి. అదే ఇక్కడ చిక్కు. తబిలే తండ్రి మ్ఖీజే, కూతుర్ని బట్టల సంచితో సహా రోడ్డు మీద నిలబెట్టిన మహానుభావుడు, కబురంపాడు: “నా వంశం పేరు ఆ ఆడాళ్ల నోట వినపడిందా, కోర్టుకీడుస్తా.” తబిలే కూడా మొండిదే. “నాకొద్దు గోగో. దొంగిలించిన పేరు మీద పెళ్లాడను” అని మాజుంగుతో తేల్చి చెప్పేసింది. గోగో అంటే వాళ్ల భాషలో అవ్వ. సినెగుగు పెదనాన్న గిడియన్ జోండి ఇంకో మెలిక పెట్టాడు: “ఒక్కసారే రండి. గేటు తీస్తే తీసినట్టు. తియ్యకపోతే మళ్లీ ఈ గుట్టెక్కొద్దు.”

పొగడ్త అరవడం మగవాడి పని. ఉముజిలో ఉన్న పెద్దవయసు మగవాడు ఆల్ఫియస్ ఒక్కడే. వెయ్యి చావుల్లో పాడిన గొంతు అతనిది. నెల్లాళ్లు వల్లె వేయించి తీసుకొచ్చారు. తీరా గేటు ముందు టోపీ సర్దుకుని, చేతికర్ర నేలకి తన్ని, నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. అక్కడ ఆపాం.

“అరువయ్యా” అంది చార్మేన్ పళ్ల సందునించి. ఆమె వెంట్‌వర్త్ మనిషి. తాతలు నాలుగు రంగులవాళ్లు, నోరు మాత్రం ఒకటే రంగు. “కిటికీ తెర కదిలింది. చూస్తున్నారు.”

ఆల్ఫియస్ మళ్లీ నోరు తెరిచాడు.

“మాజుంగూ, నా వల్ల కాదు” అన్నాడు గుసగుసగా. “సరిగ్గా ఇలాంటి గేటే మా నాన్నది. నీలం రంగే. నాకు ఇరవై రెండేళ్లప్పుడు… ఆ లోపలి గడియ చప్పుడు ఇంకా వినపడతా ఉంది.”

“రంగు మా కొట్లో కూడా నీలమే అమ్ముతారు, అందరూ అదే కొంటారు” అంది చార్మేన్. “అరువు, బంగారు తండ్రీ. లేకపోతే నా మోకాళ్లు అరుస్తాయి.”

మాజుంగు అతని పక్కకి జరిగింది. అతని చేతి మీద చెయ్యి వేసింది.

డెబ్బై ఏడేళ్ల మనిషి మాజుంగు. ముప్పై ఒక్కేళ్లు పెద్దాసుపత్రి వంటశాలలో గంజి గంగాళాలు తిప్పి తిప్పి భుజాలు ఇనుమైపోయిన మనిషి. డొరీన్‌తో ఒకే ఇంట్లో ఇరవై తొమ్మిదేళ్లు కాపురముంది. వీధిలో అందరూ అక్కచెల్లెళ్లనేవాళ్లు. అననిచ్చింది. డొరీన్ పోయినప్పుడు పందిట్లో కుటుంబానికి వేసిన చాప మీద ఆమెకి చోటివ్వలేదు. “పొరుగింటివాళ్లు ఇటు కూర్చోండమ్మా” అన్నారు. కూర్చుంది. దానికి ఆమె ఏడవలేదని ఉమ్లాజిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడుపు ఒక రోజుతో పోతుంది. ఆమె ఏడవకుండా గంగాళం కడిగి, పొయ్యి రాజేసి, గెంటేసిన పిల్లలకి అన్నం వండటం మొదలుపెట్టింది. ఉముజి అలా పుట్టింది. డొరీన్‌ని ఎవరూ తన కోసం అడగలేదు, తనని ఎవరూ డొరీన్ కోసం అడగలేదు. ఏ గేటు ముందూ ఎవరూ వాళ్ల కోసం గొంతెత్తలేదు.

ఇంటి లోపల ఎవరో తలుపు బిగించిన చప్పుడైంది. పొద్దు గుట్ట మీదికెక్కుతోంది. పక్కింటి ఆవిడ నీళ్ల బకెట్టు పట్టుకుని ఆగిపోయి చూస్తోంది. ఇంకాసేపు నోరు విప్పకుండా నిలబడితే, ‘వచ్చారు, మూగవాళ్లలా నిలబడ్డారు, పోయారు’ అనే కథే ఊళ్లో మిగులుతుంది.

మాజుంగు భుజాల మీద దుప్పటి బిగించుకుంది. ఒకడుగు ముందుకేసింది. గంగాళాల మధ్య నలభై మందిని కేకేసిన గొంతు అది, దానికి మైకు అక్కర్లేదు.

“నొందాబా!” అని అరిచింది. జోండీల వంశానికి పొగడ్త పేరది.

గుట్టకి అటువైపు కుక్క మొరిగింది. చార్మేన్ గుండె మీద చెయ్యేసుకుంది.

“నొందాబా! గగాషే! ఈ గుట్టల్ని కాచిన జోండీలూ! మీ పెద్దల పొలిమేరలో నిలబడ్డాం. మీ దొడ్డి దగ్గర ఆవుల ఊపిరి మాకు తగుల్తోంది. మీ ఇంట్లో ఒక పువ్వు పూసిందని విని, వాసన పట్టుకుని వచ్చాం. కాళ్లు దుమ్ము కొట్టుకున్నాయి, నోళ్లు ఎండిపోయాయి. తరమకండి మమ్మల్ని!”

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఇప్పుడు తామెవరో చెప్పాలి. నెల్లాళ్లుగా ఆల్ఫియస్‌కి నేర్పిన మాట ‘ఉమ్లాజి నించి పెద్దమనుషులం వచ్చాం’ అని. ఎంత మర్యాదగా ఉందో అంత చప్పగా ఉంది ఆ మాట. ఉప్పులేని గంజి. ఆమె దాన్ని పక్కన పడేసింది.

“మేమెవరం అంటారా? మేం ఉముజి వంశం!

“వాకిట్లో పారేసిన బిడ్డకి ముందు అన్నం పెట్టి, తర్వాత పేరడిగిన వంశం!

“ముప్పై ఒక్కసారి వాయిదా వేస్తే ముప్పై ఒక్కసారీ వెళ్లి కోర్టు బెంచీ మీద కూర్చున్నవాళ్లం! మా పిల్లని చంపినవాడు తల తిప్పినప్పుడల్లా మా మొహాలే చూసినవాళ్లం!

“తండ్రి ఎత్తనన్న శవపేటికని, అన్న ఎత్తనన్న శవపేటికని, ఆరుగురు ఆడవాళ్లం భుజం మార్చకుండా మోసినవాళ్లం!

“ఒక్క గంగాళంలో వండితే జులూ మాటవాళ్లు, కాంగో మాటవాళ్లు, వెంట్‌వర్త్ మాటవాళ్లు, చాట్స్‌వర్త్ మాటవాళ్లు తిన్నవాళ్లం! ఉప్పెక్కువైందని నాలుగు భాషల్లో తిట్టించుకున్నవాళ్లం!

“మాకు కొండ లేదు, మంద లేదు. మా పొలిమేర మా గుమ్మం. మా గుమ్మం దాటి లోపలికొచ్చిన బిడ్డని ఇంతవరకూ ఒక్కర్ని కూడా బయటికి పంపనివాళ్లం! ఆ బిడ్డల్లో ఒకరు తబిలే. ఆమె తరఫున వచ్చాం! నొందాబా, గేటు తియ్యండి!”

అప్పటికప్పుడు నోటికొచ్చిన మాటలవి. కానీ ఏళ్లుగా ఎక్కడో అడుగున వరసగా పేర్చి ఉన్నట్టే వచ్చాయి.

నీళ్ల బకెట్టు ఆవిడ బకెట్టు కిందపెట్టి, నోటి మీద చెయ్యి ఆడించి, గుట్టంతా మోగేలా ఒక్క కూత కూసింది, పెళ్లిళ్లకి కూసే కూత. కూసి, ఎవరైనా చూశారేమోనని చటుక్కున లోపలికి దూరిపోయింది.

జోండీల ఇంట్లోంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చార్మేన్ ఒంటికాలి మీద బరువేసింది, మళ్లీ ఇంకో కాలి మీద వేసింది.

“పడుకున్నారేమో” అంది.

“గుట్టంతా లేచింది, వీళ్లెలా పడుకుంటారు?” అంది మాజుంగు.

“చెవుడేమో మరి.”

అప్పుడు తలుపు తెరుచుకుంది. గిడియన్ జోండి బయటికొచ్చాడు. ఆదివారం కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. అంటే వీళ్లు రాకముందే తయారై కూర్చున్నాడన్నమాట. వెనకాల అతని చెల్లెలు గెర్ట్రూడ్, పిల్లకి మేనత్త. చేతులు కట్టుకుని, పెదవి విరుచుకుని నిలబడింది.

గిడియన్ గేటు దాకా వచ్చి, కమ్మీల మధ్య నించి ముగ్గుర్నీ ఒక్కొక్కర్నే చూశాడు. ఆల్ఫియస్ దగ్గర ఎక్కువసేపు ఆగాడు.

“ఈయన మగవాడేనా?” అన్నాడు.

“మగవాడే” అంది మాజుంగు.

“చేతిలో కర్ర ఉందా?”

“ఉంది.”

“నెత్తిన టోపీ?”

“కనపడుతోందిగా, నొందాబా.”

“మరి టోపీ పెట్టుకున్న మగవాడు కర్ర పట్టుకుని పక్కన నిలబడి ఉండగా, నా గేటు ముందు, నా పెద్దల పేర్లు ఒక ఆడమనిషి అరవడమేమిటి?” గిడియన్ గొంతు పెంచాడు. వీధి చివరిదాకా వినపడాలని పెంచినట్టే ఉంది. “నా తండ్రి నాటినించీ ఈ గేటు ముందు ఇలాంటిది జరగలేదు! తప్పు చేశారు. దీనికి జరిమానా, ఒక మేక!”

గెర్ట్రూడ్ “అలా గడ్డి పెట్టు” అన్నట్టు తలాడించింది.

మాజుంగు తల దించుకుంది. మేకని ఎక్కణ్ణించి తేవాలా అని ఒక పక్క, గొంతు ఆపుకోలేకపోయానే అని ఇంకో పక్క మనసు లాగుతోంది. అంతలో పక్కనించి ఏదో చప్పుడైంది. చూస్తే ఆల్ఫియస్. కర్రమీద రెండు చేతులూ ఆనించి, టోపీ కళ్ల మీదికి జారిపోగా, భుజాలు అదిరేలా ఏడుస్తున్నాడు.

“ఏడవకయ్యా, మేకేగా” అంది చార్మేన్.

“జరిమానా వేశారు మాజుంగూ” అన్నాడు ఆల్ఫియస్. పోయిన గొంతు ఎప్పుడొచ్చిందో వచ్చేసింది. “మనకి జరిమానా వేశారు! జరిమానా ఎవరికేస్తారు? దారినపోయేవాళ్లకి వేస్తారా? బిచ్చానికొచ్చినవాళ్లకి వేస్తారా? పిల్లనడగడానికొచ్చినవాళ్లకేగా! మా వాళ్లు నాకు తలుపేశారు గానీ ఇన్నేళ్లలో ఒక్క జరిమానా వెయ్యలేదు.”

మాజుంగుకి అప్పుడు తట్టింది. తల ఎత్తి గిడియన్ మొహంలోకి చూసింది. ఆయన మొహం ఎప్పట్లాగే చిటపటలాడుతోంది. కానీ మనిషి గడియ మీద చెయ్యి వేసి ఉన్నాడు.

ఇక చార్మేన్ సంగతి చెప్పాలా? ఆమెకి పద్ధతులు సగమే తెలుసు, సంతోషం మాత్రం పూర్తిగా తెలుసు. “జరిమానా వేశారోచ్!” అని రెండు చేతులూ ఎత్తి టపటపా చప్పట్లు కొట్టేసింది.

గిడియన్ కళ్లు పెద్దవయ్యాయి. “జరిమానా వేస్తే చప్పట్లు కొడతారా? ఇది సినిమా హాలా? దానికి తోడు ఒక కోడి!”

“రెండు వేసుకోండి బాబా, మీ ఇష్టం” అంది చార్మేన్.

“ఎదురు చెప్పినందుకు, పుంజు!”

మాజుంగు చార్మేన్ నడుం మీద గట్టిగా గిల్లింది. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది.

వాకిట్లో చాప పరిచి ఉంది. కొత్త చాప, అంచులింకా పచ్చగా ఉన్నాయి. జోండీలు కుర్చీల్లో, వచ్చినవాళ్లు చాప మీద. మాజుంగు మోకాళ్లు మడిచి, కాళ్లు పక్కకి పెట్టుకుని కూర్చుంది. అరిచేయి చాప మీద ఆనించి, అల్లిక నిమిరి చూసింది. గెర్ట్రూడ్ పసిగట్టింది.

“ఏం, చాప బాగోలేదా?”

“బాగుందమ్మా. ఇంతకన్నా బాగుండే చాప నా ఎరికలో లేదు.”

గెర్ట్రూడ్‌కి ఆ జవాబు నచ్చలేదు. దెప్పడానికి సిద్ధం చేసుకున్న మాటలు బోలెడున్నాయి ఆమె దగ్గర. “నాకొకటి అర్థం కాక అడుగుతున్నా. ఇద్దరూ ఆడపిల్లలేగా. మీరు మా గేటు కొచ్చి అరిచారు సరే. మేమే మీ గేటు కొచ్చి అరవచ్చుగా? మీ పిల్లే మా ఇంటికి రావచ్చుగా? ఎవరు అడగాలో ఎవరు తేల్చారు?”

“ముందు నిద్ర లేచినవాళ్లు తేల్చారు, అక్కా” అంది చార్మేన్.

కుర్చీల వెనకనించి ఎవరో కిసుక్కున నవ్వారు. గెర్ట్రూడ్ వెనక్కి తిరిగేసరికి నవ్వు మాయమైంది.

“నవ్వులాట కాదు” అన్నాడు గిడియన్. కోటు గుండీ ఒకటి విప్పాడు. ఇప్పుడతని గొంతులో వీధికి వినిపించే పెంపు లేదు. “మాజుంగు, నువ్వు గేటు ముందు చెప్పిందంతా విన్నాను. మోశారు, వండారు, కూర్చున్నారు. మంచిదే. కానీ పెళ్లంటే మనుషులకి చెప్పుకునేది మాత్రమే కాదు. పిల్ల గడప దాటేరోజు నేను మేకని కోసి, దొడ్డి దగ్గర సాంబ్రాణి పొగ వేసి మా పెద్దలకి చెప్పాలి. ‘అమ్మాయి ఫలానావాళ్లింటికి పోతోంది, ఆ ఇంటి పెద్దలకి అప్పగించండి’ అని. ఆ పొగ ఎటు పోవాలి? మీ ఇంటికి పెద్దలెవరు? ఇరవై ఏడేళ్ల ఇంటికి పెద్దలెక్కణ్ణించి వస్తారు?”

దెప్పుతున్నాడా అని మాజుంగు చూసింది. కాదు. ముసలాయన నిజంగానే భయపడుతున్నాడు, పిల్ల దిక్కులేని చోట పడుతుందేమోనని. ఆ భయానికి అబద్ధం చెప్పకూడదు.

“ఉన్నారు నొందాబా” అంది. “మీ పెద్దలు తెల్లగడ్డాలవాళ్లు. మా పెద్దల్లో చాలామందికి పాతికేళ్లు నిండలేదు. ఒకమ్మాయి ఫుట్‌బాల్ ఆడి వస్తుంటే పొడిచేశారు. ఒకబ్బాయి ఆసుపత్రి వరండాలో, లోపలికి తీసుకోకుండానే పోయాడు. ఒకామె నాతో ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసి, నా చేతి అన్నం తిని, నా చేతుల్లో పోయింది. మొత్తం నలభై ముగ్గురు. మా గుమ్మం పక్క గోడ మీద వాళ్ల పేర్లున్నాయి. ప్రతి సంవత్సరం పొగ వేస్తాం, ఒక్కొక్కరి పేరూ పైకి చదువుతాం. నాకు గోడ చూడకుండానే వచ్చు. మీకు మీ పెద్దల పేర్లు ఎంత నోటికొచ్చో అంత నోటికొచ్చు. మీ పిల్లని నలభై ముగ్గురు కాస్తారు. చిన్నవాళ్లుగదా, నొందాబా, వాళ్లకి ఇంకా ఓపికుంది.”

గెర్ట్రూడ్ కట్టుకున్న చేతులు విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఏమనుకుందో ఏమో, మెల్లిగా లేచి లోపలికెళ్లి, కుండతో జొన్న అంబలి తెచ్చి, మాజుంగు ముందు పెట్టింది. మాటాడకుండానే పెట్టింది. చాప మీదవాళ్లకి దాహమిచ్చారంటే మాట సాగుతుందన్నమాటే.

ఆల్ఫియస్ రెండు చేతులా అందుకుని మొదటి గుక్క తాగాడు. మీసానికి నురగ అంటుకుంది.

“అమ్మాయిని పిలవండి” అన్నాడు గిడియన్.

సినెగుగు వచ్చింది. భుజాల మీద తెల్ల దుప్పటి, నెత్తిన గుడ్డ, చూపు నేల మీద. బడిలో అరవై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే పంతులమ్మ, ఇక్కడ కాలి బొటనవేలు కనపడకుండా ముడుచుకుని చాప అంచున మోకాళ్ల మీద కూర్చుంది.

“సినెగుగు, వీళ్లెవరో నీకు తెలుసా?”

ఈ ప్రశ్నకి జవాబు ఒక్క మాటే. ‘తెలుసు’ అంటే పెద్దవాళ్లు ముందుకి పోతారు. ‘తెలీదు’ అంటే వచ్చినవాళ్లు చెప్పులు వేసుకుంటారు. ఎక్కువ మాటాడే పిల్లని సిగ్గులేనిదంటారు. పిల్లలందరూ ఒక్క మాటే అంటారు.

సినెగుగు తలెత్తింది.

“తెలుసు పెదనాన్నా. ఈ గోగో నాకు గంజి వార్చడం నేర్పింది. మన స్టౌ మీద నేను మాడ్చేదాన్ని, గుర్తుందా? ఈ ఆంటీ నాకు కారు టైరు మార్చడం నేర్పింది, నోటికొచ్చిన తిట్లు కూడా నేర్పింది. ఈ బాబా మా అమ్మ పాత కోటు నా కొలతకి సరిచేసి కుట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. అమ్మ పోయాక నేను ఆరు నెలలు ఎవరితోనూ మాటాడలేదే, అప్పుడు మీరందరూ నన్ను ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలా అని చూశారు. తబిలే నన్ను వీళ్ల వంటింటికి తీసుకెళ్లింది. వీళ్లు ఏమీ అడగలేదు. ఉల్లిపాయలు తరగమన్నారు.” ఆమె గొంతు కాస్త తగ్గింది. “వీళ్లు తెలుసు పెదనాన్నా. నాకు తెలుసు.”

అంత పొడుగు జవాబు ఆ వాకిలి ఎన్నడూ విని ఉండదు. గెర్ట్రూడ్ “అయ్యో, పిల్లా!” అంటూ నోరు మూసుకుంది గానీ, కొంగుతో తుడుచుకున్నది మాత్రం కళ్లు.

“ఇంత వాగుడుకి ఎవరికి జరిమానా వెయ్యాలి?” అన్నాడు గిడియన్, ఎవరి మొహమూ చూడకుండా. “మన పిల్లేనాయె.”

చార్మేన్ ఈసారి చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది, భద్రంగా.

మాజుంగు వీపు నిటారుగా చేసుకుంది. ఇన్నేళ్ల బరువు ఎక్కడికి పోయిందో తెలీదు. చాప మీద కూర్చున్నట్టు లేదు, సింహాసనం మీద కూర్చున్నట్టుంది. మాటలు అసలు విషయానికొచ్చాయి. గిడియన్ గొంతు సవరించుకుని, “సరే. ఉముజి వంశం వాళ్లూ…” అని మొదలుపెట్టాడు. అలా అన్నాడు, తన నోటితో. అంటుండగానే గేటు బయట వ్యాను ఆగిన చప్పుడు వినపడింది.

తలుపులు ధనధనా పడ్డాయి. ఒకరు కాదు, ముగ్గురో నలుగురో దిగారు. ఒక మగగొంతు గంటలా మోగింది.

“నొందాబా! గగాషే! జోండీలూ! మేం ఖబజేలా వంశం వాళ్లం, మ్ఖీజేలం! మీ వాకిట్లో మా బిడ్డ పేరు మీద ఎవరో కూర్చున్నారని విన్నాం! మా బిడ్డ మాట మాటాడటానికి మేం వచ్చాం!”

ఆల్ఫియస్ చేతిలో అంబలి కుండ ఒలికింది. సినెగుగు గేటు వైపు తిరిగింది.

“వాళ్ల నాన్న” అంది. “తబిలే నాన్న.”

గెర్ట్రూడ్ అప్పుడే లేచి నిలబడింది. “అన్నయ్యా, అసలు వంశమే నడిచొచ్చింది! ఇంకేం కావాలి? తియ్యి గేటు. పొగ ఎటు పోవాలా అని బెంగెందుకిక?”

గిడియన్ లేవలేదు. గేటు కేసి చూశాడు, చాప కేసి చూశాడు. కోటు గుండీ మళ్లీ పెట్టుకున్నాడు.

“కూర్చో గెర్ట్రూడ్. ఈ ఇంట్లో ఒక పద్ధతుంది. చాప మీద ఒకళ్లు ఉండగా, అదే బిడ్డ తరఫున ఇంకొకళ్లు గేటు కొస్తే, తీసేది నేను కాదు. చాప మీద ఉన్నవాళ్లు. మేక జరిమానా నెత్తినేసుకున్నవాళ్లు.” మాజుంగు వైపు తిరిగాడు. “లోపలికి రానివ్వాలో, వెనక్కి పంపాలో నీ మాట. వెళ్లి చూసిరా.”

మాజుంగు లేచింది. లేవడానికి సినెగుగు భుజం పట్టుకోవాల్సి వచ్చింది. వాకిలి ఇరవై అడుగులుంటుందేమో. ఆ ఇరవై అడుగుల్లో ఆమెకి ఎన్ని గుర్తొచ్చాయో! రోడ్డు మీద బట్టల సంచి. ఎనిమిదేళ్ల కిందట పంతొమ్మిదేళ్ల తబిలే గుమ్మంలో నిలబడి, ‘నాకు ఆకలిగా లేదు’ అంటూ మూడు పళ్లేల అన్నం తిన్న రోజు. కోర్టుకీడుస్తానన్న కబురు. వెనక్కి పంపెయ్యడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరే ఉంది, తియ్యగా.

కానీ లోపలికి రానిస్తే తబిలేకి తండ్రి చాప మీద కూర్చుంటాడు. మరి కూర్చున్నాక ఏమంటాడు? ‘మా బిడ్డకి ఈ పెళ్లి లేదు’ అంటే, వంశం మాట ముందు ఉముజి మాట నిలుస్తుందా?

గేటు కమ్మీలకి అవతల మ్ఖీజే నిలబడి ఉన్నాడు. పెద్ద మనిషి, పెద్ద మెడ. అరిచినప్పటి గంట గొంతు దగ్గరికొచ్చేసరికి లేదు. టోపీ చేతిలో నలుగుతోంది.

“గేటు తియ్యమ్మా” అన్నాడు మెల్లగా. “నేను గొడవకి రాలేదు.”

“మరి దేనికొచ్చావు?”

అతని చూపు వెనక్కి, వ్యాను వైపు మళ్లింది. మాజుంగు అతని భుజం మీదుగా వ్యాను కేసి చూసింది. ముందు సీట్లో, అద్దం వెనకాల, తబిలే కూర్చుని ఉంది. పెళ్లి మాటలు జరిగేచోటికి అడిగే బిడ్డ రాకూడదు. అది తబిలేకి తెలుసు. పొద్దున్న ఉమ్లాజిలో కాఫీ గ్లాసు చేతికిచ్చి, ‘కదలకుండా ఇక్కడే ఉంటా గోగో’ అన్న పిల్ల. ఇప్పుడా పిల్ల తలుపు వైపు చూడటం లేదు, గేటు వైపు చూడటం లేదు. ఆమె పక్కన మ్ఖీజేల మనిషి ఒకడు కూర్చుని, ఒక చెయ్యి ఆమె వైపు తలుపు గడియ మీద వేసి ఉంచాడు.

ఆ చెయ్యి తలుపు తియ్యడానికి వేసిందా, తియ్యనివ్వకుండా వేసిందా?

మాజుంగు గేటు కమ్మీ పట్టుకుంది.

“నా బిడ్డని ముందు కిందికి దిగనియ్యి” అంది మ్ఖీజేతో. “తన కాళ్ల మీద తను ఈ గేటు దాకా నడిచొచ్చి, నాతో తన నోటితో ఒక్క మాట చెప్పాలి. అప్పటిదాకా నువ్వు మ్ఖీజేవైనా సరే, మహారాజువైనా సరే, అక్కడే నిలబడు.”

మ్ఖీజే వెనక్కి తిరిగి వ్యాను కేసి చెయ్యి ఊపాడు.

వ్యాను తలుపు తెరుచుకోలేదు.